నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్: డబ్బా మీది డెసిబెల్స్ వదిలేసి వాల్యూమ్ గీత చూడండి

ఈమధ్య ఏ వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ డబ్బా తీసుకున్నా దాని మీద పెద్ద అంకె ఒకటి కనిపిస్తుంది. 32 డీబీ (డెసిబెల్స్), 45 డీబీ, 50 డీబీ. బయటి రొదను అంత తగ్గిస్తామని కంపెనీ చెబుతోందన్నమాట. విచిత్రమేమిటంటే 2,000 రూపాయల ఇయర్‌బడ్స్ మీద 50 డీబీ అని ఉంటుంది, 30,000 దాటిన సోనీ, బోస్ హెడ్‌ఫోన్స్ డబ్బా మీద చాలాసార్లు ఆ అంకే ఉండదు. పిల్లాడు అమెరికా వెళ్తున్నాడనో, ఇంటి గోలలో ఆఫీసు కాల్స్ వినపడట్లేదనో, రోజూ బస్సులో రెండు గంటలు పోతున్నాయనో కొనడానికి వెళ్లినవాళ్లకు ఇక్కడే అయోమయం మొదలవుతుంది.

ఆ అంకె అబద్ధమని నేను అనను. ల్యాబ్‌లో కృత్రిమ చెవికి హెడ్‌ఫోన్‌ను సందు లేకుండా బిగించి, రకరకాల ఫ్రీక్వెన్సీల (శబ్దపు అల సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో అదే ఫ్రీక్వెన్సీ, దాన్ని హెర్ట్జ్‌లలో చెబుతారు; బొంగురు హోరుకు తక్కువ, విజిల్‌కు ఎక్కువ) దగ్గర కొలిచినప్పుడు ఎక్కడో ఒకచోట వచ్చిన గరిష్ఠ ఫలితం అది. ఆ చోటు నుంచి అటూ ఇటూ జరిగితే 50 కాస్తా 20 అవుతుంది, 5 అవుతుంది, కొన్నిచోట్ల ఏమీ మిగలదు. మన చుట్టూ ఉండే రొద ఒక్క ఫ్రీక్వెన్సీలో ఉండదు కదా. అందుకే ఆ అంకెను పట్టుకుని రెండు మోడళ్లను పోల్చడం శుద్ధ దండగ. అంతకన్నా నమ్మదగ్గ కొలత ప్రతి ఒక్కరి ఫోన్‌లోనూ ఉంది. అక్కడికి వెళ్లాలంటే ముందు ఈ పరికరం ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియాలి.

శబ్దమంటే గాలిలో ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ సాగే అల. ఆ అల పైకి లేచిన క్షణంలోనే సరిగ్గా తలకిందులుగా ఇంకో అలను పుట్టిస్తే రెండూ కలిసి చెల్లిపోతాయి. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త పాల్ ల్యూగ్‌కు ఈ ఆలోచన మీద 1936లోనే అమెరికా పేటెంట్ వచ్చింది. అప్పటి ఎలక్ట్రానిక్స్‌తో దాన్ని హెడ్‌ఫోన్‌లో ఇమడ్చడం అయ్యే పని కాదు. 1978లో బోస్ కంపెనీ స్థాపకుడు అమర్ బోస్ జ్యూరిక్ నుంచి బోస్టన్‌కు విమానంలో వెళ్తూ, అక్కడ ఇచ్చిన హెడ్‌ఫోన్స్‌లో ఇంజిన్ హోరుకు సంగీతం సరిగా వినపడక, ఆ ప్రయాణంలోనే కాగితం మీద లెక్కలు మొదలుపెట్టారు. ఆయన అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్, బెంగాల్ నుంచి అమెరికా చేరిన ఒక స్వాతంత్ర్యోద్యమకారుడి కొడుకు. ఆయన కంపెనీ పైలట్ల హెడ్‌సెట్ అమ్మకానికి రావడానికి 1989 దాకా పట్టింది. సెన్‌హైజర్ కూడా ఆ కాలంలోనే లుఫ్తాన్సా విమాన సంస్థ పైలట్ల కోసం ఇలాంటిది తయారుచేసింది. మామూలు ప్రయాణికుల కోసం బోస్ క్వైట్‌కంఫర్ట్ 2000లో వచ్చింది. అంటే ఈ టెక్నాలజీ హెడ్‌ఫోన్స్‌లోకి వచ్చిందే విమానం హోరును అణచడానికి. ఇప్పటికీ దాని బలం అక్కడే ఉంది.

కారణం చిన్న లెక్కలో తేలిపోతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. 100 హెర్ట్జ్ హోరులో ఒక్కో అల పొడవు 3.4 మీటర్లు. 1,000 హెర్ట్జ్ దగ్గర అది 34 సెంటీమీటర్లకు వస్తుంది. 4,000 దగ్గర 9 సెంటీమీటర్లు కూడా ఉండదు. బయటి మైక్ శబ్దాన్ని అందుకుని, చిప్ లెక్కగట్టి, స్పీకర్ తలకిందుల అలను పంపేలోగా ఎంతో కొంత సమయం పోతుంది. మూడు మీటర్ల అలకు ఆ ఆలస్యం పెద్ద లెక్కలోది కాదు. 9 సెంటీమీటర్ల అల ఈలోపే దాటిపోతుంది, లేదా మన అల ఆలస్యంగా వెళ్లి దానికి తోడై రొదను ఇంకా పెంచుతుంది. అందుకే సుమారు 1,000 హెర్ట్జ్ దాటాక చిప్ దాదాపుగా చేతులెత్తేస్తుంది. అక్కడి నుంచి పనంతా చెవి చుట్టూ ఉన్న కుషన్‌ది, ఇయర్‌బడ్స్ అయితే చెవిలో దూరే రబ్బరు టిప్‌ది. మంచి మోడళ్లలో బయట కొన్ని మైకులు, చెవి దగ్గర లోపల ఇంకొన్ని మైకులు ఉంటాయి. లోపలివి చెల్లిపోకుండా మిగిలిన శబ్దాన్ని విని చిప్‌కు మళ్లీ చెబుతుంటాయి.

మన రొదల్లో ఏది పోతుంది, ఏది పోదు

విమానం గాల్లో నిలకడగా వెళ్తున్నప్పుడు క్యాబిన్‌లో సుమారు 80 నుంచి 85 డెసిబెల్స్ హోరు ఆగకుండా ఒకేలా ఉంటుంది. బస్సు ఇంజిన్ గుర్రు, రైలు ఏసీ బోగీలో కింద నుంచి వచ్చే దడదడ, ఆఫీసు ఏసీ రొద, కరెంటు పోతే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మోగే జనరేటర్, ఇవన్నీ అదే జాతివి. మంచి హెడ్‌ఫోన్‌లో బటన్ నొక్కగానే ఇవి మాయమైనట్టే ఉంటుంది.

హారన్ అలా పోదు. కుక్కర్ విజిల్, మిక్సీ గీ పెట్టడం, పసిపిల్లల ఏడుపు, పక్క సీటాయన ఫోన్‌లో రీల్స్, బోగీలో చాయ్ చాయ్ అనే కేక, ఇవన్నీ ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలు, పైగా ఉన్నట్టుండి వచ్చేవి. వీటిని ఎంతో కొంత ఆపేది కుషనే. ఏఎన్‌సీ (యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్, అంటే ఎదురు అలతో రొదను అణచే ఈ సౌకర్యం) వేశాక పక్కవాళ్ల మాటలు ఇంకా బాగా వినపడుతున్నాయేమిటి, పీస్ పాడైందా అని కంగారుపడేవాళ్లు చాలామంది ఉన్నారు. పీస్ బాగానే ఉంది. ఇన్నాళ్లూ ఆ మాటలను కప్పేసిన హోరు పోయేసరికి మాటలు పైకి తేలాయి.

ఖరీదైన మోడల్‌లో మీరు పెట్టే డబ్బుకు సమాధానం కూడా ఇక్కడే దొరుకుతుంది. 100, 200 హెర్ట్జ్ దగ్గర ఇప్పుడు 5,000 రూపాయల హెడ్‌ఫోన్ కూడా పర్వాలేదనిపించేలా పనిచేస్తుంది. 500 నుంచి 1,000 హెర్ట్జ్ మధ్య, అంటే మనిషి మాటల్లో ముఖ్యమైన భాగం ఉండే చోట, మంచి చిప్, ఎక్కువ మైకులు, సరిగ్గా అమరే కుషన్ ఉన్నవే నెగ్గుతాయి. విమానంలో, ఏసీ బస్సులో మాత్రమే వాడేవాళ్లకు ఆ తేడా అంతగా అక్కర్లేదు. ఇంట్లో నలుగురి మాటల మధ్య పనిచేసుకునేవాళ్లకు ఉన్న తేడా అంతా అదే.

స్లీపర్ బోగీలో కిటికీ పక్కన కూర్చునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. గాలి నేరుగా బయటి మైకుల మీద కొడితే, చిప్ ఆ బుర్రుమనే చప్పుడును కూడా శబ్దం అనుకుని దానికి ఎదురు అల పంపుతుంది. ఫలితంగా చెవిలో కొత్త రొద మొదలవుతుంది. కొన్ని యాప్‌లలో గాలి చప్పుడు తగ్గించే సెట్టింగ్ ఉంటుంది. అది లేకపోతే కిటికీ వైపు ఉన్న చెవికి ఏఎన్‌సీ ఉన్నా లేనట్టే. బండి మీద వెళ్లేటప్పుడు పెట్టుకోవడం గురించి అడగనే వద్దు. రోడ్డు మీద, పట్టాల దగ్గర చెవులు మూసుకుని నడవడం ప్రాణాంతకం.

దుకాణంలో ఇంకో గందరగోళం ఈఎన్‌సీ అన్న మాటతో వస్తోంది. 1,000, 1,500 రూపాయల ఇయర్‌బడ్స్ డబ్బాల మీద ఇదే పెద్దగా రాసి ఉంటుంది. ఈఎన్‌సీ పని మీరు మాట్లాడేటప్పుడు మీ వెనకున్న గోల అవతలివాళ్లకు వెళ్లకుండా చూడటం. మీ చెవికి అది ఒక్క డెసిబెల్ కూడా తగ్గించదు. మీకు బయటి రొద తగ్గాలంటే డబ్బా మీద ఏఎన్‌సీ అని ఉండాలి. రెండూ ఉంటే సంతోషం.

సందు ఉంటే డబ్బు వృథా

నా దృష్టిలో బ్రాండ్ కన్నా పెద్ద విషయం ఇది. కుషన్‌కూ చర్మానికీ మధ్య సన్న సందు ఉన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ హోరు అందులోంచి నేరుగా లోపలికి వచ్చేస్తుంది. చిప్ ఎంత గొప్పదైనా దాన్ని పూర్తిగా ఆపలేదు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లకు ఇది రోజువారీ సమస్య. అద్దాల కాడ చెవి పైన కుషన్‌ను కొంచెం ఎత్తి పెడుతుంది, దాని ముందూ వెనకా చిన్న ఖాళీ మిగిలిపోతుంది. పరీక్ష చాలా తేలిక. ఏఎన్‌సీ వేసుకుని, నడుస్తున్న ఏసీ పక్కనో ఫ్రిజ్ పక్కనో నిలబడి, కాడ వెళ్తున్న చోట కుషన్‌ను వేలితో మెల్లగా నొక్కండి. నొక్కగానే హోరు తగ్గి, వేలు తీయగానే మళ్లీ వస్తోందంటే ఆ సందు గుండా మీరు పెట్టిన డబ్బులో సగం పోతోందన్నమాట. సన్న కాడల అద్దాలు, కాస్త మందంగా మెత్తగా ఉండే కుషన్లు అయితే చాలావరకు సర్దుకుంటుంది. బుట్టలు, జూకాలు, కుషన్ కిందికి వచ్చే జుట్టు పాయ, గుబురు గడ్డం, వీటన్నిటితోనూ ఇదే తంతు.

ఇయర్‌బడ్స్‌లో ఈ బాధ్యత టిప్ సైజుది. డబ్బాలో మూడు, నాలుగు సైజులు ఇస్తే ముందే తగిలించి ఉన్న మధ్య సైజుతోనే చాలామంది ఏళ్లు గడిపేస్తారు. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని కూడా లేదు. దవడ కదిపినప్పుడు బడ్ వదులైతే పెద్దది ప్రయత్నించండి. అప్పటికీ నిలవకపోతే విడిగా దొరికే ఫోమ్ టిప్స్ తెచ్చుకోండి, కొన్ని వందల రూపాయలతో పీసే మారిపోయినట్టు ఉంటుంది.

ఇదంతా చెప్పాక ఇక ఆ కొలత సంగతి. రాత్రి ఇంట్లో అంతా సద్దుమణిగాక, మీకు బాగా అలవాటైన ఒక పాట పెట్టుకుని గాయకుడి మాటలు హాయిగా వినపడేంత వాల్యూమ్ దగ్గర ఆపండి. ఫోన్‌లో ఆ గీత ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. మర్నాడు మీ బస్సులో, మీ ఆఫీసులో, లేదా రైల్లో, అదే పాట, ఏఎన్‌సీ వేసుకుని, మాటలు అంతే స్పష్టంగా వినపడేదాకా పెంచండి. ఎన్ని గీతలు పెంచాల్సి వచ్చింది? ఒకటీ అరా అయితే ఆ హెడ్‌ఫోన్ మీ పనికి వచ్చినట్టే. అయిదారు పెంచాల్సి వస్తే డబ్బా మీద ఏ అంకె ఉన్నా అది మీ చెవికి, మీ రొదకు సరిపోలేదు. చిప్, కుషన్, కళ్లద్దాలు, దారిలోని గోల అన్నీ ఈ ఒక్క పరీక్షలో కలిసి వచ్చేస్తాయి. చుట్టుపక్కల శబ్దాన్ని బట్టి దానంతటదే వాల్యూమ్ మార్చే సెట్టింగ్ ఏదైనా ఉంటే ఆ కాసేపు ఆపేయండి.

నేను వాల్యూమ్ దగ్గరే పట్టుబట్టడానికి వేరే కారణం కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకు అది 75 దగ్గరే ఆగాలి. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతూ పోతుంది. 90 డెసిబెల్స్ దగ్గరికి వచ్చేసరికి వారానికి మిగిలేది 4 గంటలు. మామూలు ఇయర్‌ఫోన్స్‌తో విమానం ఎక్కినవాళ్లు 80, 85 హోరును దాటి సినిమా మాటలు వినాలంటే వాల్యూమ్ దాదాపు అక్కడిదాకా తీసుకెళ్లాల్సిందే. హైదరాబాద్ నుంచి దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారి అమెరికా చేరేసరికి గాల్లోనే 18 గంటలకు పైగా గడుస్తుంది. ఒక్క ప్రయాణంలో ఎన్ని వారాల కోటా ఖర్చవుతోందో చూడండి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సూక్ష్మ రోమ కణాలు ఒకసారి చనిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. పోయిన వినికిడి పోయినట్టే. రోజూ బస్సులో ఫుల్ వాల్యూమ్ పెట్టుకుని కాలేజీకి వెళ్లే పిల్లలను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఏఎన్‌సీని విలాసంగా కాక వాళ్ల చెవులకు రక్షణగా చూడాలి. అయితే రొద తగ్గించి కూడా వాల్యూమ్ తగ్గించకపోతే ఆ రక్షణ దక్కదు.

పాట ఎలా ఉంది?

ఈ తరహా హెడ్‌ఫోన్స్‌లో చాలావాటికి బేస్ ఎక్కువ పెట్టి పంపుతారు. దుకాణంలో రెండు నిమిషాలు వింటే అదే బాగుందనిపిస్తుంది. గంటసేపు కచేరీ వింటే తెలుస్తుంది ఇబ్బంది. మృదంగంలో ఎడమవైపు గుమికి అనే లోతైన నాదం ఉబ్బిపోయి గాత్రం మీదికి వచ్చేస్తుంది, కుడివైపు దెబ్బలో ఉండాల్సిన పదును పోతుంది, వెనక తంబురా శ్రుతి ఎక్కడో మునిగిపోతుంది. పాత సినిమా పాటల రికార్డింగుల్లో అసలే గొంతు ముందుకు ఉండి బేస్ తక్కువ కాబట్టి అవి ఒక్కోసారి ఈ అదనపు బేస్‌తో నిండుగా వినిపిస్తాయి కూడా. కాబట్టి మీరు ఏం వింటారో దాంతోనే పరీక్షించండి, దుకాణంవాళ్లు పెట్టే డెమో పాటతో కాదు. పేరున్న బ్రాండ్లలో చాలావాటికి యాప్‌లో ఈక్వలైజర్ (బేస్ లాంటివి పెంచి తగ్గించే సెట్టింగ్) ఉంటుంది. బేస్ రెండు మెట్లు దించితే చాలా మోడళ్లు దారిలోకి వస్తాయి. ఈక్వలైజర్ లేని మోడల్‌ను నేనైతే తీసుకోను.

కోడెక్‌ల (పాటను కుదించి బ్లూటూత్‌లో పంపే పద్ధతుల) గురించి అవసరానికి మించి టెన్షన్ పడతారు. ఎల్‌డాక్ అనే కోడెక్ సెకనుకు 990 కిలోబిట్ల దాకా పంపగలదు, నిజమే. ఐఫోన్ దాన్ని అసలు వాడదు, ఏఏసీ అనే వేరే కోడెక్‌తోనే పనిచేస్తుంది. కాబట్టి ఐఫోన్ ఉన్నవాళ్లు దానికోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో కూడా బస్సులో కూర్చుని ఆ తేడా పట్టడం కష్టం. రద్దీ స్టేషన్‌లో సిగ్నల్ తెగకుండా ఉండటం అంతకన్నా ముఖ్యం.

ఆఫీసు పనికి వాడేవాళ్లు మల్టీపాయింట్ (ఒకేసారి రెండు పరికరాలకు కలిపి ఉంచే వీలు) ఉందో లేదో తప్పకుండా చూడాలి. ల్యాప్‌టాప్‌లో మీటింగ్ నడుస్తుండగా ఫోన్ మోగితే తడుముకోకుండా అటు మారవచ్చు. కాల్ నాణ్యత మాత్రం మీకు తెలియదు, అవతలివాళ్లకే తెలుస్తుంది. ఫ్యాన్ కింద కూర్చుని ఇంట్లోవాళ్లకు ఒక వాయిస్ మెసేజ్ పంపి ఎలా వినిపించిందో అడగండి.

ప్రయాణం సామాను

విమానం సీటు ముందున్న స్క్రీన్‌కు చాలా విమానాల్లో ఇప్పటికీ వైరే కావాలి. అందుకని 3.5 మిల్లీమీటర్ల పిన్ ఉన్న కేబుల్ డబ్బాలోనే ఉందో లేదో చూసుకోండి, ప్రయాణం రోజు దాన్ని కేస్‌లోనే పెట్టుకోండి. కొన్ని విమానాల్లో రెండు పిన్నుల సాకెట్ ఉంటుంది, దానికి చిన్న అడాప్టర్ కావాలి. ఇయర్‌బడ్స్ వాడేవాళ్లకు కేబుల్ దారి లేదు కనుక సాకెట్‌కు తగిలించే బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ ఒకటి కొనుక్కోవాలి. బ్యాటరీ ఖాళీ అయ్యాక వైరుతో పాట వస్తుందా, వస్తే ఎలా వస్తుంది అన్నది ఇంట్లోనే ఒకసారి పరీక్షించండి. చాలా మోడళ్లలో అప్పుడు శబ్దం మొద్దుబారుతుంది, ఏఎన్‌సీ ఉండదు.

బ్యాటరీ గంటల్లోనూ కిటుకు ఉంది. చౌక మోడళ్ల మీద కనిపించే పెద్ద అంకె చాలాసార్లు ఏఎన్‌సీ ఆపేసినప్పటిది. ఏఎన్‌సీ వేసుకుని ఎన్ని గంటలో వెతికి చూడాలి. ఆ లెక్కన బోస్ క్వైట్‌కంఫర్ట్ అల్ట్రా మొదటి తరం 24 గంటలు, సోనీ 1000ఎక్స్ఎం5 30 గంటలు, సెన్‌హైజర్ మొమెంటమ్ 4 సుమారు 60 గంటలు అని ఆ కంపెనీలే చెబుతాయి. అమెరికా ప్రయాణానికి 24 కూడా సరిపోతుంది. మడత సంగతీ చూడండి. సోనీ 2020లో తెచ్చిన ఎక్స్ఎం4 చక్కగా ముడుచుకునేది, 2022 నాటి ఎక్స్ఎం5లో ఆ మడత తీసేశారు, 2025లో ఎక్స్ఎం6తో మళ్లీ తెచ్చారు. క్యాబిన్ బ్యాగులో పచ్చడి ప్యాకెట్ల నుంచి మందుల దాకా సర్దే మనవాళ్లకు ఆ అరచేతి మందం ముఖ్యమే.

కొందరికి ఏఎన్‌సీ వేయగానే చెవులు దిబ్బడేసినట్టు, తల పట్టేసినట్టు ఉంటుంది. లోపల గాలి ఒత్తిడి నిజంగా మారదు. తక్కువ ఫ్రీక్వెన్సీ హోరు ఒక్కసారిగా పోయేసరికి అలా అనిపిస్తుంది. ఏఎన్‌సీ స్థాయి తగ్గించుకునే వీలున్న మోడల్ అయితే సగంలో పెట్టి చూడండి. అప్పటికీ కుదరకపోతే ఆ మోడల్ మీకు పడదు, ఎవరెంత పొగిడినా తీసుకోవద్దు. ఇక విమానం దిగేటప్పుడు వచ్చే చెవినొప్పి వేరు. దానికి హెడ్‌ఫోన్‌తో సంబంధం లేదు, గుటకలు వేయాల్సిందే. రైల్లో అయితే బయటి శబ్దం వినిపించే మోడ్‌కు ఎలా మారాలో వేళ్లకు అలవాటు కావాలి. లేకపోతే దిగాల్సిన స్టేషన్ దాటిపోయినా తెలియదు.

వీటన్నిటికన్నా తక్కువగా మాట్లాడుకునేది మన ఎండ గురించి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడలోనో రామగుండంలోనో ఏసీ లేని గదిలో చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్ గంటసేపు పెట్టుకోవడం నరకం. చెమటకు కృత్రిమ తోలు కుషన్లు పగిలి, నల్లటి పొట్టు చెవుల చుట్టూ అంటుకుంటుంది. కుషన్ పగిలిందంటే సందు పడినట్టే, సందు పడితే ఏఎన్‌సీ సగం పోయినట్టే. ఎండాకాలం ఎక్కువగా బయట తిరిగేవాళ్లకు మంచి ఇయర్‌బడ్సే నయం. పెద్ద హెడ్‌ఫోన్ కొనేవాళ్లు వాడాక ప్రతిసారీ పొడి గుడ్డతో తుడిచి, చెమట ఆరాకే కేస్‌లో పెట్టాలి. ఆ మోడల్‌కు విడి కుషన్లు మన దగ్గర దొరుకుతాయా, ఇంట్లోనే మార్చుకోవచ్చా అన్నది బిల్లు కట్టకముందే అడగాలి. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా, లేక పాడైతేనే మార్చి ఇస్తారా అన్నదీ అప్పుడే అడగండి. వాల్యూమ్ పరీక్షకు మీ బస్సులో కనీసం రెండు మూడు రోజులు తిరగాలి మరి.